నడక పందెం: మా అనుభవం

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముందుగా ఒక మనవి. మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునే వాళ్ళం. ఇంట్లో ఉర్దూ, బడిలో ఉర్దూ, బజారులోనూ ఆఫీసుల్లోనూ మాత్రం తెలుగు. ఆ బజారు తెలుగుకే కొంచెం ఇస్త్రీ చేసి మీ ముందుకు తెచ్చినాము. తప్పులుంటే పెద్దలు మన్నించాలి. ఇంకొక సంగతి. ఉర్దూలో ఒక్కరమే ఉన్నా 'హమ్' అనుకోవడం మాకు చిన్నప్పటి నుంచి అలవాటు. అందుకని తెలుగులోనూ 'మేము' అనే వస్తుంది. గొప్ప కోసమని అనుకోవద్దు.

మొన్న కార్యదర్శిగారు ఇంటికి వచ్చి, "మాస్టర్ సాబ్, మీరు పన్నెండు హాఫ్ మారథాన్లు నడక పందెం పద్ధతిలో పూర్తి చేసినారు. సంఘం తరఫున శాలువా కప్పుతాము. మీరు కాసేపు మాట్లాడాలి" అన్నారు. కరపత్రంలో కూడా 'పన్నెండు' అనే అచ్చయింది. ఆ అంకె గురించి మేము ఒక మాట చెప్పవలసి ఉన్నది. దానిని చివర చెబుతాము. ఈ నడక అంటే ఏమిటో ముందు చెప్పకపోతే ఆ మాట అర్థం కాదు.

హాఫ్ మారథాన్ అంటే 21 కిలోమీటర్ల 97 మీటర్లు, పైన ఇంకొక అర మీటరు. మన కర్నూలు వాళ్ళకు సులభంగా చెప్పాలంటే ఇక్కడ బయలుదేరి నంద్యాల రోడ్డు పట్టుకొని దాదాపు ఓర్వకల్లు దాకా పోయినంత దూరం. మామూలుగా గంటకు 5 కిలోమీటర్ల చొప్పున నడిచే మనిషికి నాలుగుంబావు గంటలు పడుతుంది. మేము మొదటిసారి 3 గంటల 12 నిముషాలు తీసుకొన్నాము. ఈమధ్య 2 గంటల 35, 40 నిముషాల మధ్య వస్తున్నాము. ఇదే దారిని పరుగువాళ్ళు మాకంటే చాలా ముందుగా ముగించి, ఇంటికి పోయి స్నానం కూడా చేస్తారు. కాని మాది పరుగు కాదు. ఇంగ్లీషులో రేస్ వాకింగ్ అంటారు. మనం నడక పందెం అందాము.

దీనికి నియమాలు రెండే రెండు. మొదటిది, ఎప్పుడూ ఒక పాదం నేల మీద ఉండాలి. వెనుక పాదం లేచే లోపలనే ముందు పాదం ఆనాలి. రెండు పాదాలూ గాలిలో ఉన్నట్లు కంటికి కనపడితే అది పరుగు. రెండవది, ముందుకు వేసిన కాలు నేలను తాకిన క్షణం నుంచి, ఆ కాలు మన ఒంటి కిందికి నిటారుగా వచ్చేదాకా మోకాలు వంగకూడదు. ఈ రెంటినీ పాటిస్తూ వేగంగా పోవాలంటే నడుము కదలక తప్పదు. జనం చూసి నవ్వేది ఆ నడుమును చూసే.

పెద్ద పోటీలలో దారి పొడుగునా ఆరుగురి నుంచి తొమ్మిదిమంది దాకా జడ్జీలు నిలబడతారు. వాళ్ళ చేతిలో పసుపు పలక ఉంటుంది. దాని మీద ఒక వైపు అల మాదిరి గీత, అంటే పాదం లేస్తున్నదని. రెండవ వైపు మడిచిన మోకాలి మాదిరి గుర్తు, అంటే మోకాలు వంగుతున్నదని. పలక చూపితే అది హెచ్చరిక మాత్రమే. తప్పు స్పష్టంగా ఉంటే జడ్జి ఎర్రకార్డు రాసి పంపుతాడు. ముగ్గురు వేర్వేరు జడ్జీలు కార్డు రాస్తే మనిషి పోటీలో నుంచి బయటికి. ఇప్పటి పెద్ద పోటీలలో మూడవ కార్డుకు ఒక పక్కన కొంతసేపు నిలబెట్టి, నాలుగవ కార్డుకు పంపేసే పద్ధతి వచ్చింది. 20 కిలోమీటర్ల పందెంలో అట్లా నిలబెట్టేది 2 నిముషాలు.

ఇందులో మాకు నచ్చిన సంగతి ఒకటుంది. జడ్జీలు ఏ యంత్రాన్నీ వాడకూడదు, కంటితోనే చూడాలి. గొప్ప ఆటగాళ్ళను వేగమైన కెమేరాతో ఫోటో తీస్తే, రెప్పపాటు కన్న తక్కువ సేపు రెండు పాదాలూ లేచే ఉంటాయట. అది కంటికి కనపడదు గనుక నియమం దానిని పట్టదు. మిగిలినదంతా నడిచేవాని మనస్సాక్షి మీద ఆధారపడినదే. ఇంకొక నియమం కూడా ఉంది. చివరి 100 మీటర్లలో ఎవరైనా కొట్టవచ్చినట్లు పరుగెత్తితే, అంతకు ముందు ఒక్క కార్డు లేకపోయినా ప్రధాన జడ్జి అక్కడికక్కడే ఎర్ర పలక చూపి తీసివేయవచ్చు. మనిషి ఆశకు లొంగేది చివరి 100 మీటర్లలోనే అని ఆ నియమం రాసినవాళ్ళకు బాగా తెలిసి ఉండాలి.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆట కాదు. ఇంగ్లండులో 1809లో కెప్టెన్ బార్క్లే అనే ఆయన వెయ్యి గంటలలో, గంటకొక మైలు చొప్పున, వెయ్యి మైళ్ళు నడిచి పందెం గెలిచినాడు. ఒలింపిక్స్‌లో 1908లోనే లండనులో నడక పోటీలు జరిగినవి. 50 కిలోమీటర్ల నడక 1932లో వచ్చి, ఒక్క 1976లో తప్ప, 2021లో జరిగిన టోక్యో పోటీల దాకా సాగింది. 20 కిలోమీటర్ల నడక 1956లో వచ్చింది. ఆడవాళ్ళకు 1992లో 10 కిలోమీటర్లతో మొదలై, 2000 నుంచి 20 కిలోమీటర్లయింది. 2026 నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 20, 35 కిలోమీటర్ల నడకలకు బదులు హాఫ్ మారథాన్, మారథాన్ దూరాలను పెట్టింది. అంటే మేము ఊరికే సరదాకు నడుస్తున్న దూరమే ఇప్పుడు ప్రపంచ పోటీల దూరమైంది. దూరం ఒక్కటే సుమా! జపాను దేశపు యమనిషి 2025లో 20 కిలోమీటర్లను 1 గంట 16 నిముషాల 10 సెకండ్లలో నడిచినాడు. లెక్క వేస్తే గంటకు పదిహేనున్నర కిలోమీటర్ల పైన. మేము సైకిలు మీద బడికి పోయే వేగం కూడా అంత ఉండదు.

మన దేశం వాళ్ళేమీ తక్కువ తినలేదు. ఆసియా క్రీడలలో 20 కిలోమీటర్ల నడకలో 1978లో బ్యాంకాక్‌లో హాకం సింగ్, 1982లో ఢిల్లీలో చాంద్ రామ్ బంగారు పతకాలు తెచ్చినారు. 2014లో ఇంచియాన్‌లో ఖుష్‌బీర్ కౌర్ అనే అమ్మాయి వెండి పతకం తెచ్చింది. 2022 కామన్వెల్త్ క్రీడలలో 10 కిలోమీటర్ల నడకలో ప్రియాంకా గోస్వామి వెండి, సందీప్ కుమార్ కంచు పతకాలు తెచ్చినారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మంజు రాణితో కలిసి కంచు పతకం గెలిచిన రాంబాబు, ఒకప్పుడు ఉపాధిహామీ పనిలో మట్టి తవ్విన కూలి బిడ్డ. పేదవానికి దారి చూపిన ఆట ఇది.

మా బుర్రలో ఈ ఆట పడింది మాత్రం 2012లో. లండను ఒలింపిక్స్‌లో కేరళలోని మలప్పురం జిల్లా కుర్రవాడు కె.టి. ఇర్ఫాన్ 20 కిలోమీటర్లు 1 గంట 20 నిముషాల 21 సెకండ్లలో నడిచి పదవ స్థానంలో వచ్చినాడు. అప్పటికి అది మన దేశపు రికార్డు. టీవీలో చూస్తూ మేము కూడా అందరి మాదిరిగానే నడుమును చూసి నవ్వినాము. తెల్లారి పేపరులో ఆ అంకెలు చూసి కాగితం మీద లెక్క వేసినాము. కిలోమీటరుకు 4 నిముషాలు! మా బడి పిల్లలలో అంత వేగంతో రెండు కిలోమీటర్లు పరుగెత్తగలవాళ్ళు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఆ రోజు నుంచి నవ్వడం మానినాము. కాని నడవడం మాత్రం ఇంకా ఆరేళ్ళ దాకా మొదలుపెట్టలేదు. మన సంగతి అంతే గదా!

2018లో మాకు రక్తపోటు ఎక్కువగా ఉన్నదని డాక్టరుగారు రోజూ నడవమన్నారు. ఫజ్ర్ నమాజు కాగానే కె.సి. కాలువ గట్టు మీద నడక మొదలుపెట్టినాము. నెల రోజులకు విసుగు పుట్టింది. ఒట్టి నడకలో లెక్క లేదు, పత్రం లేదు. లెక్కల మాస్టరుకు లెక్కలేని పని ఎట్లా నచ్చుతుంది? మా బడి పి.ఇ.టి. మాస్టరుగారు కాలేజీ రోజుల్లో నడక పందెంలో జిల్లా స్థాయికి పోయినవారు. ఆయన ఒక ఆదివారం మమ్మల్ని మైదానంలో నిలబెట్టి, "సార్, మడమ ముందు ఆనాలి, మోకాలు బిగించాలి, చేతులు మోచేతి దగ్గర మడిచి ఆడించాలి. అంగ పెద్దది వేయొద్దు, చిన్న అడుగులు త్వరగా వేయండి" అని నేర్పినారు. పది నిముషాలకే పిక్కకు ఎదురు వైపు, ముందు ఎముక పక్కన ఉండే కండరం నిప్పులో పెట్టినట్లు మండింది. కొత్తవాళ్ళందరికీ అట్లాగే ఉంటుందట. మూడు నాలుగు వారాలు కొద్దికొద్దిగా చేస్తే అదే సర్దుకొంటుంది.

ఇక నవ్వుల సంగతి. గట్టు మీద పాలు పోసే ఆయన రోజూ మమ్మల్ని చూసి సైకిలు దిగేవాడు. ఒకనాడు ఉండబట్టలేక, "ఏంది సార్, బాతు మాదిరి నడుస్తాండారు? కాళ్ళల్లో ముల్లు గిన దిగిందా?" అని అడిగినాడు. మా బడి పిల్లలు ఇంకా ఘనులు. "సర్, ఐసా కైకు చల్తే?" అని ఎదురుగానే అడిగినారు, వెనుక తిరిగి అట్లాగే నడిచి చూపినారు. మాకు మొదట సిగ్గయింది. తరువాత ఆలోచిస్తే, మా నడకను వెక్కిరించాలన్నా వాళ్ళు రెండు నియమాలూ పాటించవలసిందే గదా! వెక్కిరించినవాళ్ళలో నలుగురు ఇప్పుడు ఆదివారాలు మాతో నడుస్తున్నారు.

మొదటి హాఫ్ మారథాన్ 2019 నవంబరులో. తరువాత కరోనా వచ్చి అన్నీ ఆగిపోయినవి. తిరిగి 2022లో రెండు, 2023లో మూడు, 2024లో మూడు, 2025లో మూడు. ఈ పోటీలు నిజానికి పరుగువాళ్ళవి. నడిచేవాళ్ళు కూడా చేరవచ్చు, గడువు లోపల చేరితే వాళ్ళకూ పతకం ఇస్తారు. తెల్లవారుజామున వేలమంది ఒక్కసారి బయలుదేరుతారు. ఐదు నిముషాలలో అందరూ మమ్మల్ని దాటిపోతారు. వెనుక అంబులెన్సు, దాని ముందు మేము. పది కిలోమీటర్లు దాటిన తరువాత వేడుక మొదలవుతుంది. ఆరంభంలో జింకల మాదిరి దూకినవాళ్ళు నడుము పట్టుకొని నిలబడి ఉంటారు. మేము ఒకే వేగంతో పోతూ ఒక్కొక్కరినీ దాటుతాము. ఈ ఆటలో మాకు దొరికే ఆనందమంతా అదే. పదిహేడవ కిలోమీటరు దగ్గర ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళను దాటుతుంటే నలభై ఏడేళ్ళ మనిషికి ఎట్లా ఉంటుందో చెప్పలేము.

సాధన గురించి అడిగేవాళ్ళ కోసం నాలుగు మాటలు. మేము వారానికి ముప్ఫై కిలోమీటర్లకు మించి నడవము. ఆదివారం పద్నాలుగు, పదహారు, మంగళవారం ఎనిమిది, గురువారం పద్ధతి సరిచూసుకొంటూ ఆరు. మిగతా రోజులు విశ్రాంతి. మన ఊరి ఎండలు తెలిసినవే. ఏప్రిల్, మే నెలల్లో ఆరున్నర లోపల ఇంట్లో ఉంటాము. రంజానులో దూరాలు పోము. ఇఫ్తారు అయి, ఒంట్లోకి నీళ్ళు పోయిన తరువాత ఒక అరగంట మాత్రమే. బూట్లు పలుచని అట్ట ఉన్నవి మంచివి. మడమ ఎత్తుగా ఉంటే మోకాలు వంగుతుంది. చెప్పులతో మాత్రం ఈ నడక వద్దు. దూరం పోయే రోజు జేబులో నాలుగు ఖర్జూరాలు, చేతిలో నీళ్ళ సీసా. తిరిగి వచ్చినాక ఉగ్గాని, బజ్జీ ఎట్లాగూ ఉన్నవి. గుండె జబ్బు, షుగరు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగిన తరువాతనే మొదలుపెట్టాలి.

ఇప్పుడు ఆ పన్నెండు సంగతికి వస్తాము.

2025 డిసెంబరులో పొరుగు జిల్లాలో జరిగిన పోటీకి పోయినాము. మా బడి పిల్లలు నలుగురిని 5 కిలోమీటర్ల పరుగుకు వెంట తీసుకొనిపోయినాము. ఎప్పటి నుంచో మాకొక కోరిక, రెండున్నర గంటల లోపల ముగించాలని. ఆ రోజు చల్లగా ఉంది, గాలి లేదు, కాళ్ళు బాగా సాగినవి. చివరి మలుపు తిరిగేసరికి ఎదురుగా పెద్ద గడియారం కనిపించింది. ఇంకా 200 మీటర్లు ఉంది. గడియారం 2 గంటల 28 నిముషాల 50 సెకండ్లు చూపుతున్నది. లెక్కల మాస్టరు బుర్ర ఊరుకోదు గదా. మా నడకకు 200 మీటర్లంటే ఇంకా 86 సెకండ్లు. అంటే రెండున్నర గంటలు దాటి 16 సెకండ్లు.

ఆ 16 సెకండ్ల కోసం మేము పరుగెత్తినాము. కాలు జారి కాదు, తెలియక కాదు. తెలిసే పరుగెత్తినాము. అక్కడ నడిచేవాళ్ళకు జడ్జీలు లేరు, పసుపు పలక లేదు, ఎర్ర పలక లేదు. మా చుట్టూ ఉన్నవాళ్ళందరూ పరుగెత్తుతున్నవాళ్ళే. ఎవరికి తెలుస్తుంది? 2 గంటల 29 నిముషాల 50 సెకండ్లకు గీత దాటినాము. పతకం వేసినారు, ఫోటో తీసినారు. సర్టిఫికెట్టు మీద సమయం ఉంటుంది గాని, నడిచినాడా పరుగెత్తినాడా అని ఉండదు. ఇంటికి వచ్చి అందరితో రెండున్నర గంటల లోపల నడిచినామని చెప్పినాము. మన సంఘం నోటీసు బోర్డు మీద కూడా ఆ సంగతి రాసినారు. పది రోజులు మేము బోర్డు ముందు నుంచి పోయినప్పుడల్లా ఒక కన్ను వేసి పోయినాము. ఇంట్లో వాళ్ళు సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి హాలులో పెట్టినారు.

తరువాత ఒక ఆదివారం మైదానంలో పిల్లలకు చిన్న నడక పందెం పెట్టినాము. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు, ఆ డిసెంబరు ప్రయాణంలో మాతో వచ్చినవాడే, గీత దగ్గర నిలబడి మామూలుగా అడిగినాడు, "సర్, చివరలో కొంచెం పరుగెత్తొచ్చు గదా?"

"ఎందుకు పరుగెత్తొచ్చు? నియమం చెప్పినాను గదా" అన్నాము.

వాడు "లేదు సర్, మీరు ఆ రోజు..." అని అక్కడే ఆపినాడు. తల దించుకొన్నాడు. వాడి తప్పు ఏమీ లేదు. తన పరుగు ముగించి, మా కోసమని చివరి మలుపు దగ్గర నిలబడి చూసినాడు. మాస్టరు చేసినాడు గనుక అది కూడా నియమంలో ఉన్నదేమో అనుకొన్నాడు, అంతే. వెక్కిరింపు లేదు, నిందించడమూ లేదు. నిజంగానే అడిగినాడు.

సోదరులారా, పాతికేళ్ళుగా పిల్లల ముందు నిలబడుతున్నాము. జవాబు దొరకక నిలబడింది ఆ రోజు. పరీక్షలో పక్కవాని కాగితం చూసి రాసిన పిల్లవాణ్ణి మేము ఎన్నిసార్లు నిలబెట్టలేదు? "ఒక్క మార్కు కోసమే సర్" అని వాళ్ళు ఏడిస్తే, "ఒక్క మార్కయినా దొంగదే" అని ఎన్నిసార్లు అనలేదు? మా 16 సెకండ్లు వాళ్ళ ఒక్క మార్కు కన్న ఏమి ఎక్కువ? పరుగెత్తడం తప్పని మేము అనడం లేదు. పరుగు మంచి ఆటే. పరుగెత్తి, నడిచినాము అని చెప్పుకోవడమే తప్పు.

పిల్లలందరినీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్లు చెప్పినాము. "ఆ రోజు మీ మాస్టరు చివరి 200 మీటర్లు పరుగెత్తినాడు. జడ్జి ఉంటే ఎర్ర పలక చూపేవాడు. మా నడకలలో అది లెక్కకు రాదు" అన్నాము. పిల్లలు ఏమీ అనలేదు. ఆ అబ్బాయి మాత్రం పందెం అయిన తరువాత దగ్గరకు వచ్చి, "సర్, అది లేకున్నా పదకొండు ఉన్నవి గదా" అన్నాడు.

ఇంటికి వచ్చి మా ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పినాము. ఆమె కాసేపు ఊరుకొని, ఆ ఫ్రేము కిందికి దించి తుడిచి, "ఫ్రేము మంచిదే. ఇందులో అమ్మాయి ఫోటో పెడదాములెండి" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ఆమె ప్రసక్తి వచ్చింది గనుక మన తల్లులకు, సోదరీమణులకు ఒక మనవి. మా ఇంట్లో 2022లో షుగరు బయటపడింది. మేము నాలుగేళ్ళుగా గట్టు మీద నడుస్తున్నా, ఆమెను ఒక్కనాడూ రమ్మని పిలవలేదని అప్పుడు గుర్తుకు వచ్చింది. మా గుండె గురించి ఆలోచించినాము గాని, తెల్లారి లేచి మాకు చాయ్ పెట్టే మనిషి గురించి ఆలోచించలేదు. ఇప్పుడు ఆమె, మా అమ్మాయి కలిసి వారానికి ఐదు రోజులు నడుస్తున్నారు. బురఖాతోనే, వట్టి చురుకు నడక. పందెం పద్ధతి మోకాళ్ళకు పడదని ఆమెకు మేము నేర్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిముషాల చురుకైన కదలిక కావాలి. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే మొదటి మెట్టు ఎక్కినట్లే. ఇందుకు టిక్కెట్టు లేదు, ఫీజు లేదు. కాని ఆడవాళ్ళకు చోటు కావాలి. గట్టు మీద చీకట్లో ఒంటరిగా పోవడానికి ఎవరికైనా భయమే. అక్కడ నిలబడి మాటలు విసిరే కుర్రవాళ్ళలో మన ఇండ్ల పిల్లలు కూడా ఉన్నారని చెప్పడానికి మాకు కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు. వాళ్ళ తండ్రులు ఈ సభలోనే ఉన్నారు.

అందుచేత సంఘం పెద్దలకు మా విన్నపాలు మూడు.

ఒకటి, మన సంఘం మైదానం గేటు ఆదివారం ఫజ్ర్ తరువాత అందరికీ తెరిపించండి. వారంలో మిగతా రోజులలో ఒక గంట ఆడవాళ్ళకు మాత్రమే అని బోర్డు పెట్టించండి. తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలన్న చర్చ రెండేళ్ళుగా నడుస్తున్నది. మనుషులు నడవకపోయినా చర్చ మాత్రం నడుస్తూనే ఉంది! మగవాళ్ళ రోజున తెరిచి మూసే పని మేము చేస్తాము. ఆడవాళ్ళ వేళకు తాళం మా ఇంట్లో వాళ్ళు తీస్తామన్నారు.

రెండు, హజ్జుకు దరఖాస్తు పెట్టుకొన్న పెద్దలు కనీసం నాలుగు నెలల ముందు నుంచి వచ్చి నడవండి. అక్కడ రోజూ ఎంత నడవాలో పోయివచ్చినవాళ్ళను అడిగితే చెబుతారు. విమానం ఎక్కే వారం ముందు కొత్త బూట్లు కొంటే కాళ్ళు ఊరుకోవు.

మూడవది మా సొంత విన్నపం. శాలువాను సంతోషంగా తీసుకొంటాము. పెద్దలు కప్పే శాలువాను కాదనడం మర్యాద కాదు. కాని సావనీరులో ఈ ప్రసంగం వేసేటప్పుడు కరపత్రంలోని 'పన్నెండు'ను కొట్టివేసి 'పదకొండు' అని వేయించండి. నోటీసు బోర్డు మీద ఉన్న కాగితాన్ని నిన్న సాయంత్రం కార్యదర్శిగారి అనుమతితో మేమే తీసివేసినాము.

ఈ సంవత్సరం మళ్ళీ మూడు హాఫ్ మారథాన్లు నడవాలని అనుకొంటున్నాము. రెండున్నర గంటల లోపల వస్తామో రామో తెలియదు. వయసు కూడా వెనక్కు పోదు గదా. అయితే ఇప్పుడు మాకొక జడ్జి దొరికినాడు. ఆ తొమ్మిదో తరగతి అబ్బాయి అట్టముక్కకు పసుపు రంగు వేసి, ఒక వైపు అల, ఒక వైపు మోకాలి గుర్తు గీసి తెచ్చినాడు. ఆదివారం పూట మైదానం మూలన నిలబడి అందరినీ చూస్తాడు. ఇప్పటికి రెండుసార్లు మోకాలి గుర్తు మాకే చూపినాడు. మాస్టరని చూడలేదు. రెండుసార్లూ వాడు చూపింది న్యాయమే.

 వచ్చే ఆదివారం మైదానంలో కలుసుకొందాము.